తెలుగు లిపి సంకేతనం

కంప్యూటరులో తెలుగు అక్షరాలను సంఖ్యల రూపంలో భద్రపరచే పద్ధతిని తెలుగు లిపి సంకేతనం అంటారు. కంప్యూటరు అక్షరాన్ని బొమ్మగా కాక, దానికి కేటాయించిన సంఖ్యగా దాచుకుంటుంది. ఆంగ్ల అక్షరాలు పక్కపక్కన నిలుస్తాయి కనుక వాటి విషయంలో ఈ పని సులువు. తెలుగులో హల్లు, గుణింతపు గుర్తు, వత్తు కలిసి ఒకే రూపమవుతాయి. అటువంటి రూపాలు వేల సంఖ్యలో ఉంటాయి. అందువలన సంఖ్యను కంటికి కనిపించే రూపానికి ఇవ్వాలా, పలికే అక్షరానికి ఇవ్వాలా అన్న ప్రశ్న తలెత్తింది. రెండు పద్ధతులూ వాడుకలోకి వచ్చాయి.

రూపాన్ని బట్టి సంకేతనం

హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలు కంప్యూటరు శిక్షణా కేంద్రాలకు ప్రసిద్ధి. ఇక్కడ డీటీపీ నేర్చుకున్నవారికి మొదటి పద్ధతి సుపరిచితం. పేజ్‌మేకర్‌లో వాడే అను వంటి ఫాంట్లలో ఆంగ్ల అక్షరాల స్థానాలలో తలకట్టు, కొమ్ము, వత్తు వంటి ముక్కలను అమర్చారు. శుభలేఖ మొదలు గ్రంథం వరకు అచ్చుపనికి ఇది చక్కగా సరిపోయింది. అయితే ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు అర్థంలేని ఆంగ్ల గుర్తులుగా కనిపిస్తుంది. అందులో తెలుగు పదాన్ని వెదకడం గాని, పదాలను అకారాది క్రమంలో పేర్చడం గాని వీలుకాదు. పుస్తకపు ఫైలు చేతిలో ఉన్నా, మార్పిడి చేసి మళ్ళీ ప్రూఫు దిద్దితే తప్ప అంతర్జాలంలో చేర్చలేకపోవడానికి కారణం ఇదే.

అక్షరాన్ని బట్టి సంకేతనం

భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఇస్కీ ప్రమాణాన్ని ప్రకటించింది. ఇందులో తెలుగు, కన్నడ, హిందీ "క" లన్నిటికీ సంఖ్య 179. యూనీకోడ్ 1988 నాటి ఇస్కీ అమరికను ఆధారంగా తీసుకొని, ఒక్కొక్క లిపికి వేరు స్థానాలు ఇచ్చింది. తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించబడినవి.

యూనీకోడ్‌లో వత్తులకు విడిగా సంఖ్యలు లేవు. హల్లు తరువాత పొల్లు (3149), ఆపై మరొక హల్లు వస్తే రెండవది వత్తుగా మారుతుంది. "క్ష" అంటే 3093, 3149, 3127. "స్త్రీ" కి ఆరు సంఖ్యలు కావాలి. యూటీఎఫ్-8లో 18 బైట్లు. రూపాన్ని కూర్చే పని ఫాంటుది, దానిని నడిపే సాఫ్ట్‌వేరుది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు కూడా ప్రసిద్ధమైనవి.

ఇబ్బందులు

"సాఫ్ట్‌వేర్" అని వ్రాయాలంటే పొల్లు తరువాత 8204 అనే కనిపించని గుర్తును చేర్చాలి. లేకుంటే "వ" వత్తుగా మారి "సాఫ్ట్వేర్" అవుతుంది. చిన్న విషయమే గాని, వెదకులాటలో ఈ రెండూ వేరు పదాలుగా లెక్కకు రావచ్చు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" లో ఇదే గుర్తు చేరిన ఒక వరుస ఐఫోన్లలోని సందేశ అనువర్తనాలను స్తంభింపజేసింది. ఆ నెలలోనే వచ్చిన ఐఓఎస్ 11.2.6లో దోషాన్ని సరిచేశారు.

కొన్ని అక్షరాలు ఆలస్యంగా చేరాయి. ౘ, ౙ లకు 2008లోను, పాత ముద్రణలలో కనిపించే నకారపొల్లుకు 2021లోను స్థానం లభించింది.

గోండి లిపి

ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో లభించిన వ్రాతప్రతులలోని గోండి లిపిని 2018లో యూనీకోడ్ 11.0లో 63 సంకేతాలతో చేర్చారు. హల్లులు "క" తో కాక, ఆ లిపి సంప్రదాయం ప్రకారం "య" తో మొదలవుతాయి. హ్రస్వ ఎకార, ఒకారాలు ఉండవలసిన స్థానాలను ఖాళీగా విడిచిపెట్టారు.