జర్మన్ల జల్లెడ

ఫాసిస్టుల ప్రచారయంత్రం గురించి మన విమర్శకులు చాలానే రాశారు. ఆ యంత్రానికి ఇవతల కూర్చున్న శ్రోత గురించి రాసింది తక్కువ. శ్రోత అంటే చెవిలో పోసిందంతా పుచ్చుకునేవాడన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. రెండో ప్రపంచయుద్ధ కాలపు హాలెండు చరిత్ర ఈ అభిప్రాయాన్ని నిలవనివ్వదు.

1940 మేలో నాజీ సైన్యం హాలెండును ఆక్రమించింది. జులైలోనే విదేశీ ప్రసారాలు వినడం నేరమయింది. అదే నెల 28న లండన్‌లోని డచ్చి ప్రవాస ప్రభుత్వం బి.బి.సి. ద్వారా ‘రేడియో ఒరాన్యె’ ప్రసారాలు ప్రారంభించింది. చట్టానికి లొంగని గొంతును నాజీలు రొదతో ముంచదలిచారు. అదే తరంగం మీద ఎడతెగని హోరు పంపారు. దానికి జనం చేసుకున్న జవాబు ‘మోఫెన్‌జేఫ్’. ‘మోఫ్’ అనేది డచ్చివాళ్లు జర్మన్లను తిట్టే మాట; ‘జేఫ్’ అంటే జల్లెడ.

చూడ్డానికి అదొక చట్రం, దానికి కొన్ని చుట్ల తీగ, ఒక కండెన్సర్. కిటుకంతా తిప్పడంలో ఉంది. చట్రం అంచు స్టేషన్ వైపు ఉంటే తరంగం ఒక పక్క తీగను ముందు, రెండో పక్క తీగను తర్వాత తాకుతుంది. ఆ తేడాయే మనకు వినిపించేది. చట్రం ముఖాన్ని స్టేషన్ వైపు తిప్పితే రెండు పక్కలనూ ఒకేసారి తాకుతుంది. అక్కడ పుట్టిన విద్యుత్తు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని గొంతు పడిపోతుంది. విశేషమేమంటే, బాగా వినిపించే దిశ వెడల్పు, వినిపించని దిశ మాత్రం బహు సన్నం. కనుక శ్రోత లండన్ కోసం వెతికేవాడు కాదు. హోరు ఎక్కడ అణగుతుందో అక్కడ చట్రాన్ని ఆపేవాడు. మిగిలింది లండన్. (ట్రాన్సిస్టర్‌ను అటూ ఇటూ తిప్పి మీడియం వేవ్ స్టేషన్‌ను తేటపరచుకున్న మనవాళ్లు చేసిందీ ఇదే, దాని లోపలి ఫెరైట్ కడ్డీ మీద ఉండేదీ తీగచుట్టే.)

జల్లెడను ఆకాశానికెత్తనక్కర్లేదు. హోరూ లండనూ ఒకే గీత మీద ఉంటే రెండూ కలిసే పోతాయి. రాత్రిపూట పైవాతావరణం నుంచి వంగి దిగే తరంగాల ముందు ఆ సన్నని దిశ చెదిరిపోతుంది. పైగా ఇదే సాధనం శత్రువు చేతిలోనూ ఉంది. రహస్య ట్రాన్స్‌మిటర్లను పసిగట్టడానికి జర్మన్ దళాలు తిప్పిందీ తీగచుట్టల ఏంటెనాలనే. వినేవాడికి ఆసరా అయిన చట్రం పలికేవాడికి ఉరి అయింది. సాంకేతిక ప్రగతిని దాన్ని వాడే చేతుల నుంచి విడదీసి పొగిడేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి.

1943 మేలో రేడియోలనే అప్పగించమని ఆజ్ఞ వచ్చింది. అనేకులు దాచుకున్నారు. ఈ చరిత్ర సాహిత్యాన్ని తాకేది ఆ తర్వాతే. 1944 మార్చి 28న రేడియో ఒరాన్యెలో విద్యామంత్రి బోల్కెస్టీన్ మాట్లాడుతూ, యుద్ధచరిత్రకు ప్రభుత్వ పత్రాలు చాలవనీ, సామాన్యుల డైరీలు, ఉత్తరాలు కావాలనీ అన్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కార్యాలయం వెనక భాగంలో తలదాచుకున్న యూదులు ఆ ప్రసారం విన్నారు. వారిలో పద్నాలుగేళ్ల ఆన్ ఫ్రాంక్ అప్పటిదాకా తన కోసం రాసుకున్న డైరీని మే నెలలో పాఠకుల కోసం తిరగరాయడం మొదలుపెట్టింది. తండ్రి 1947లో వెలువరించిన పుస్తకానికి ఆ తిరగరాత ఒక మూలం. మనం దాన్ని ఒక అమాయక బాలిక అంతరంగంగా మాత్రమే చదువుతున్నాం. ఆమె కొట్టివేతలూ చేర్పులూ తెలిసి చేసిన రచయిత్రి. ఆ పని 1944 ఆగస్టు 4న, ఆమెను అరెస్టు చేయడంతో, సగంలో ఆగిపోయింది.