టీవీ గేమ్ (8-బిట్ పరికరం)

టీవీ గేమ్: జపాన్ సంస్థ నింటెండో రూపొందించిన ఫ్యామికామ్ తరహా 8-బిట్ ఇంటి వీడియో గేమ్ పరికరానికి హైదరాబాదులోను, ఇతర తెలుగు పట్టణాల్లోను 1990లలో వాడుకలో ఉన్న పేరు. ఫ్యామికామ్ 1983 జులై 15న జపాన్‌లో విడుదలైంది. ప్రత్యర్థి సెగా తన ఎస్‌జీ-1000ను కూడా అదే రోజున మార్కెట్లోకి తెచ్చింది. భారత్‌లో ఈ తరహా పరికరాలు సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో అమ్ముడయ్యాయి.

ఫ్యామికామ్ పని మెమరీ 2 కిలోబైట్లు, చిత్రం 256×240 చుక్కలు. పరికరం తీగను టీవీ యాంటెనా సాకెట్‌కు తగిలించి, ఛానెల్ ట్యూన్ చేసి ఆడేవారు. ఆటల కార్ట్రిడ్జ్‌ను క్యాసెట్ అనేవారు. ‘9999 ఇన్ 1’ అని రాసి ఉన్న క్యాసెట్ల అంకెను నమ్మడానికి లేదు: కొద్దిపాటి ఆటలే వేర్వేరు దశల నుంచి మొదలవుతూ జాబితాలో పదేపదే కనిపించేవి. ప్రసిద్ధమైనవి సూపర్ మారియో బ్రదర్స్ (1985), ఆర్కేడ్‌లో 1987లో వచ్చి మరుసటి ఏడాది ఇంటి టీవీకి చేరిన కాంట్రా.

బాతులను వేటాడే ఆట డక్ హంట్‌లో వాడే తుపాకీ పిక్చర్ ట్యూబు టీవీల కోసం చేసినది. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చదరం వెలుగుతుంది; ఆ వెలుగును తుపాకీలోని సెన్సర్ గుర్తిస్తే గురి తగిలినట్టు. ఎల్‌సీడీ తెరల మీద ఇది పనిచేయదు. ఫ్యామికామ్ తయారీని నింటెండో 2003లో ఆపివేసింది.