ముంగిట నాటఁదగిన చెట్టు

క్రొత్తగా నిల్లు కట్టించినవారు ముంగిట నేమి నాటవలె నని యాలోచించుట స్వల్పవిషయముగాఁ దోఁచును. కాని నెల్లూరు తీరమున నిది కేవలము సొగసునకు సంబంధించిన ప్రశ్న గాదు. ఇసుకనేల, ఉప్పుగాలి, కార్తికమాసపు గాలివాన యను మూఁటితోడను అచ్చటి గృహస్థులు కాపురము సేయవలసియున్నది. కావున మన ముంగిళ్ల చెట్ల చరిత్రమును గొంచెము విచారింతము.

వేసవిని ఎఱ్ఱని పూలతో వెలిఁగించు తురాయి మన దేశపుఁ జెట్టు గాదు. దాని జన్మస్థానము మడగాస్కరు దీవి. పందొమ్మిదవ శతాబ్దమున నది దేశదేశములకు వ్యాపించి, మన దేశమున దొరల బంగళాలను, కచేరీలను, బాటలను అలంకరించెను. ఆ దొరతనపు ముంగిళ్లఁ జూచి మనవారును దమ యిండ్లయెదుట నాటుకొనిరి. అందము నిజమే, కాని దాని వేళ్లు లోఁతునకుఁ బోక పైపైనే ప్రాఁకును, కొమ్మలు పెళుసు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గఱను, 1989 నవంబరులో కావలి దగ్గఱను పెనుతుపానులు తీరము దాఁటినవి. రెండవదాని గాలి వేగము గంటకు 200 కిలోమీటర్లకు మించినది. అట్టి రాత్రి పెంకుటింటిపైకి వంగిన చెట్టును జూచి, దాని పూల యందమును దలఁచువా రెవ్వరు?

అట్లని మొండిదైన ప్రతి పొదయు మంచి దనరాదు. 1877లో కడప జిల్లా కమలాపురమున సర్కారు తుమ్మను వంటచెఱకుకొఱకు నాటించిరి. నీరు పోయకయే బ్రతుకు ననియే దానిని దెచ్చిరి. ఆ గుణముచేతనే యది తరువాత బీళ్లను, చెఱువులను, పొలముగట్లను ఆక్రమించినది. గన్నేరు ఉప్పుగాలికి వెఱవదు గాని, దాని యాకు, పూవు, వేరు సమస్తమును విషమే. పసిబిడ్డలును దూడలును దిరుగు పెరటి కది తగదు.

పరదేశపుదని వర్జించుటయు, పూర్వాచారమని పట్టుకొనుటయు రెండును అవివేకములే. తీరపు టిసుకను నిలిపి గాలి నాఁపు సరుగుడునకుఁ బుట్టిల్లు ఆస్ట్రేలియా, తూర్పుదీవులు. మొక్క యే దేశపుది యని గాక, పెరిగిన పిమ్మట నేమి చేయు నని యడుగవలెను.

ఇంకొక మాట. ఏ చెట్టు నాటవలెనో నిర్ణయించుట తఱచుగాఁ బురుషుల పని. దానికి బిందెలతో నీరు మోయుట స్త్రీల పని. వేసవిలో బావినీ రుప్పనగు పల్లెలలో మంచినీరు దూరమునుండి రావలెను. అలంకారవృక్షమున కొలుకు ప్రతి బిందెయు నొక యిల్లాలి నడుము నొప్పి యని మఱవరాదు. స్నానము చేసిన నీటితోనే పెరుగు వావిలి, గోరింట, నందివర్ధనము ముంగిటికిఁ జాలును. వావిలి యాకు బాలింత స్నానపు నీటి కక్కఱకు వచ్చును, గోరింట కంచెయై నిలుచును, నందివర్ధనము పూజకుఁ బూవు నిచ్చును. గాలివాన కీ పొదలు విఱిగినను ఇంటికప్పునకు భయము లేదు. మరల మొదటినుండి చిగిర్చును.

తురాయిపై మాకు ద్వేషము లేదు. ఇంటికి దూరముగ, ఊరి మైదానమున నది పూయుఁగాక. అందఱును జూచి సంతసింపవచ్చును. ముంగిట మాత్రము, నీరు మోయువారి నడిగిన పిమ్మటనే మొక్కను నాటుట మేలు.