అడ్డుకోత కటింగ్ బోర్డు

'''అడ్డుకోత కటింగ్ బోర్డు''' అనగా కలప నారలు నిలువుగా నిలబడి, వాటి కొసలు పైముఖాన కనబడేలా చిన్న చిన్న చెక్కముక్కలను జిగురుతో అతికించి చేసే వంటింటి పలక. కూరగాయలు, పండ్లు, మాంసం తరగడానికి దీనిని వాడుతారు. వడ్రంగులు దీనిని ఎండ్ గ్రెయిన్ బోర్డు అని కూడా అంటారు. రెండు మూడు రంగుల కలపను కలిపి చదరంగపు గళ్ళు, ఇటుక వరుసలు వంటి నమూనాలు తీసుకురావచ్చును. తెలుగునాట మాంసపు దుకాణాలలో తరతరాలుగా వాడుకలో ఉన్న '''చింతమొద్దు''' కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. చింతమొద్దుకు పెద్ద మాను కావాలి. అతికించిన బోర్డుకు వడ్రంగి పనిలో మిగిలిన తునకలు చాలు.

== కలప నిర్మాణం ==
చెట్టు కాండములోని దారువు నిలువుగా సాగే సన్నని నారలతోను, గొట్టాలతోను ఏర్పడుతుంది. ఒక చీపురుకట్టను ఊహించుకుంటే ఈ నిర్మాణం సులభంగా అర్థమవుతుంది. కాండాన్ని పొడవునా కోసి చేసిన పలకపై నారలు పడుకొని ఉంటాయి. కత్తి వేటు పడినప్పుడల్లా అవి తెగి, పలకపై గాట్లు ఏర్పడతాయి. కాండాన్ని అడ్డంగా కోస్తే నారల కొసలు పైకి వస్తాయి. అప్పుడు కత్తి అంచు కొసల మధ్యకు దిగుతుంది, కత్తి తీయగానే నారలు చాలావరకు మళ్ళీ దగ్గరకు చేరుతాయి. అందువలన పలక త్వరగా అరగదు, కత్తి పదును కూడా ఎక్కువకాలం నిలుస్తుంది.

ఈ నిర్మాణం వలన ఒక ఇబ్బంది కూడా ఉన్నది. నారల కొసలు నీటిని త్వరగా పీల్చుకుంటాయి. తడిసినపుడు కలప ఉబ్బి, ఆరినపుడు కుంచించుకుపోతుంది. అయితే ఈ మార్పు అన్ని దిక్కులలో సమానంగా ఉండదు. నారల పొడవున మార్పు దాదాపు లేనట్లే. కాండపు నడిమి నుండి బెరడు వైపుకు కొంత ఉంటుంది. వలయాల వెంబడి సుమారు దానికి రెట్టింపు ఉంటుంది. ఉదాహరణకు పచ్చి టేకు పూర్తిగా ఆరినపుడు వలయాల వెంబడి 5 నుండి 6 శాతం, అడ్డంగా సుమారు రెండున్నర శాతం కుంచించుకుపోతుంది. బోర్డు తయారీలో పాటించే నియమాలలో చాలావాటికి ఈ తేడాయే కారణం.

== తెలుగునాట వాడుక ==
తెలుగువారి వంటింట్లో కూరలు తరగడానికి సంప్రదాయ సాధనం కత్తిపీట. పీటను కాలితో నొక్కిపట్టి, కూరగాయను రెండు చేతులతో కత్తివైపు నెడతారు. ఇందులో కత్తి కదలదు కాబట్టి కింద పలకతో పని లేదు. నిలబడి వంట చేసే గట్లు ఇళ్ళలోకి వచ్చిన తరువాత చేతికత్తి, దానితోపాటు కటింగ్ బోర్డు వాడుకలోకి వచ్చాయి.

మాంసం కొట్టేవారికి మాత్రం మొదటినుండి మొద్దు అవసరమే. అనకాపల్లి జిల్లాలోని దేవరాపల్లి వంటి ఊళ్ళు మొదలుకొని హైదరాబాదు వరకు ఇందుకు చింతమానునే ఎంచుకుంటారు. చింతచేవ బరువైనది, గట్టిది. నారలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉండడం వలన ఎముకలు కొట్టినా సులభంగా పెచ్చులూడదు. బక్రీదు పండుగకు ముందు పట్టణాలలో వీటి అమ్మకం పెరుగుతుంది.

మొద్దు ఒకే మాను ముక్క కాబట్టి ఆరేకొద్దీ దాని చుట్టుకొలత, వ్యాసార్థం కంటే ఎక్కువ పాళ్ళలో తగ్గుతుంది. ఆ ఒత్తిడికి నడిమి నుండి అంచు దాకా పగులు ఏర్పడుతుంది. దీనిని ఆపడానికి చుట్టూ ఇనుప పట్టీ బిగించడం కద్దు. అంత వెడల్పు మొద్దు రావాలంటే చెట్టు ముదిరి ఉండాలి. దేవరాపల్లికి ఎగువనున్న మన్యంలో చింతపండు గిరిజనుల ముఖ్యమైన ఫలసాయం. 1956లో విశాఖపట్నంలో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే అటవీ ఉత్పత్తులలో అది ఒకటి. దశాబ్దాల పాటు కాయవలసిన చెట్టు మొద్దు కోసం నరికితే తిరిగి రాదు. రాష్ట్రంలో చెట్లు నరకడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి తీసుకోవలసి ఉంటుంది.

== ఇతర దేశాలలో ==
చైనా వంటశాలలలో గుండ్రని మానుముక్కనే పలకగా వాడడం పాత ఆచారం. అమెరికాలో మాంసపు దుకాణాలకు సికమోర్ కలప ముక్కలను నిలబెట్టి అతికించిన దిమ్మెలు చేసేవారు. ఇల్లినాయి రాష్ట్రంలోని ఎఫింగ్‌హామ్‌లో 1887లో మొదలైన బూస్ సంస్థ ఈ పనికి పేరు పొందినది. 19వ శతాబ్దంలో లండన్ వంటి నగరాలలో గుర్రపు డెక్కల చప్పుడు తగ్గడానికి వీధులలో పరచిన చెక్క దిమ్మెలను కూడా నారలు నిలువుగా ఉండేలానే అమర్చారు.

== కలప ఎంపిక ==
గట్టిగా, సన్నని రంధ్రాలతో, వాసన లేకుండా ఉండే కలప మేలు. ఆంధ్ర ప్రదేశ్‌లో సులభంగా దొరికేవి ఇవి:
* '''టేకు''': గోధుమ రంగు. తలుపులు, ద్వారబంధాలు చేసేచోట తునకలుగా దొరుకుతుంది. తడికి బాగా తట్టుకుంటుంది. ఇందులో ఇసుకజాతి పదార్థమైన సిలికా ఉండడం వలన పనిముట్ల పదును త్వరగా పోతుంది.
* '''పనస''': పసుపు రంగు. బొబ్బిలి వీణలు చేసే కలప ఇదే. టేకు పక్కన గళ్ళు స్పష్టంగా కనబడతాయి.
* '''చింత''': చేవ ముదురు రంగు, పైచెక్క లేత పసుపు. కోయడం కష్టం.
* '''అంకుడు''': తెల్లని, నునుపైన కలప. ఇదే జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మలను దీనితోనే చేస్తారు. ముక్కలు చిన్నవి కాబట్టి నమూనాలో అక్కడక్కడ చేర్చడానికి పనికివస్తుంది.
* '''మామిడి''': చవక. బాగా ఆరనిది పురుగు పడుతుంది.

వేపకు చేదు వాసన ఉన్నది. ఇరుగుడు కలప పొట్టు కొందరికి చర్మంపై దద్దురు, ఉబ్బసం కలిగిస్తుంది. పాత ఇళ్ళనుండి తీసిన కలపకు రంగులు, పురుగుమందులు పట్టి ఉండే అవకాశం ఉన్నందున తిండిపదార్థాలు తగిలే పలకకు వాడరాదు.

ఏ కలపనైనా పని చేసే గదిలోనే కొన్ని వారాలు ఉంచి ఆరనివ్వాలి. గాలిలో తేమ 50 శాతం ఉన్నపుడు కలపలో తేమ సుమారు 9 శాతం, గాలిలో 80 శాతం ఉన్నపుడు సుమారు 16 శాతం ఉంటుంది. కోస్తా జిల్లాలలో వానాకాలంలో అతికించిన బోర్డు వేసవిలో కుంచించుకుపోవడం సహజం.

== తయారీ విధానం ==
ఇంటివద్ద చిన్న పనిశాలలో చేయదగిన చదరంగపు నమూనా ఇక్కడ వివరించబడినది. కావలసినవి బల్లరంపం, చిత్రిక, మూలమట్టం, నాలుగైదు పొడవాటి క్లాంపులు, జిగురు, గరుకు కాగితం.

=== కొలతలు ===
పట్టీ వెడల్పు, మందం సమానంగా ఉంటేనే గళ్ళు చతురస్రాలుగా వస్తాయి. మొదటి పలక మందమే తరువాత గడికి ఒక భుజం అవుతుంది. అడ్డంగా కోసిన ముక్క పొడవు బోర్డు మందం అవుతుంది. ఈ మార్పును ముందుగా గ్రహించకపోతే లెక్క తప్పుతుంది.

35 మి.మీ. వెడల్పు, 35 మి.మీ. మందం, 500 మి.మీ. పొడవు గల పట్టీలు టేకువి 5, పనసవి 5 తీసుకొన్నామనుకొనుము. వాటిని పక్కపక్కన పేర్చితే పలక వెడల్పు 350 మి.మీ. అవుతుంది. దీనిని 40 మి.మీ. చొప్పున అడ్డంగా కోస్తే, ఒక్కొక్క కోతకు 3 మి.మీ. రంపపు పొట్టుగా పోగా 11 ముక్కలు వస్తాయి. వాటిని నిలబెట్టి అతికించిన బోర్డు 385 మి.మీ. పొడవు, 350 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. మందం ఉంటుంది. బరువు సుమారు మూడున్నర కిలోలు.

=== దశలు ===
# పట్టీలను చిత్రిక పట్టి నాలుగు ముఖాలు మూలమట్టానికి సరిపోయేలా చేయాలి. రెండు పట్టీలను ఆనించి వెలుతురుకు ఎదురుగా పెట్టినపుడు సందు కనబడరాదు.
# టేకు, పనస ఒకటి విడిచి ఒకటిగా పేర్చి, ఆనించే ముఖాలకు జిగురు పూసి క్లాంపులతో బిగించాలి. ఒక రోజు ఆరనివ్వాలి.
# బయటికి ఉబికిన జిగురు గీకి, పలక రెండు ముఖాలను మట్టం చేయాలి.
# పలకను 40 మి.మీ. ముక్కలుగా అడ్డంగా కోయాలి.
# ప్రతి ముక్కను నారల కొసలు పైకి వచ్చేలా తిప్పాలి. ఒకటి విడిచి ఒక ముక్కను కుడి కొస ఎడమకు వచ్చేలా మార్చాలి. అప్పుడు టేకు పక్కన పనస వచ్చి గళ్ళు ఏర్పడతాయి. మొదట తీసుకున్న పట్టీల సంఖ్య సరిసంఖ్య అయితేనే ఇది కుదురుతుంది. బేసి సంఖ్య అయితే ముక్కను తిప్పినా రంగులు మారవు.
# ముక్కలను జిగురుతో మళ్ళీ అతికించాలి. వేసవిలో జిగురు త్వరగా ఆరుతుంది కాబట్టి రెండు సగాలుగా అతికించి, తరువాత ఆ సగాలను కలపడం సులభం.
# ముఖాన్ని మట్టం చేసి, 80, 120, 180, 220 నంబరు గరుకు కాగితాలతో వరుసగా రుద్దాలి. మధ్యలో ఒక నంబరు వదిలితే గీతలు నిలిచిపోతాయి.
# తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చి, పైకి లేచిన నూగును చివరి కాగితంతో మళ్ళీ రుద్దాలి. అంచులు గుండ్రం చేసి నూనె పట్టించాలి.

ఈ అతుకులన్నీ నారల పక్కముఖాల మధ్య పడతాయి. కనుకనే బోర్డు దృఢంగా ఉంటుంది. నారల కొసలను ఒకదానికొకటి అతికిస్తే అతుకు నిలువదు.

=== జిగురు ===
మామూలు తెల్ల జిగురు నీటికి కరుగుతుంది. నీటికి తట్టుకునే రకమే వాడాలి. టైట్‌బాండ్ 3 వంటి కొన్ని రకాలకు ఆహారంతో పరోక్షంగా తగిలే వస్తువులలో వాడవచ్చునని అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిబంధనల ప్రకారం ఆమోదం ఉన్నది.

== ఇతర నమూనాలు ==
ఒకటి విడిచి ఒక ముక్కను సగం గడి పక్కకు జరిపితే ఇటుక వరుస వస్తుంది. వెడల్పు క్రమంగా పెరిగే పట్టీలు వాడితే అలల భ్రమ కలుగుతుంది. 60 డిగ్రీల కోణంతో కోసిన మూడు రంగుల పుల్లలను కలిపితే పెట్టెలు పేర్చినట్లు కనబడుతుంది. చివరిదానిలో కోణం కొంచెం తప్పినా సందులు పడతాయి కాబట్టి మొదటి ప్రయత్నానికి చదరంగపు గళ్ళే తగినవి.

== తరచు జరిగే పొరపాట్లు ==
* '''చుట్టూ చట్రం బిగించడం''': బోర్డు రెండు దిక్కులా ఉబ్బుతుంది, చట్రపు కలప పొడవున ఉబ్బదు. తేమ 4 శాతం మారితే 350 మి.మీ. బోర్డు 1 నుండి రెండున్నర మి.మీ. వరకు పెరగవచ్చును. అప్పుడు చట్రపు మూలలు విడిపోతాయి, లేదా బోర్డు పగులుతుంది.
* '''విద్యుత్ చిత్రిక యంత్రంలో పెట్టడం''': బ్లేడ్లు నారల కొసలను పట్టి లాగి అంచును పెచ్చులూడదీస్తాయి. బోర్డు ఎగిరి మనిషిని తాకే ప్రమాదం కూడా ఉన్నది. చేతి చిత్రికను అంచు నుండి మధ్యకు పట్టడం, లేదా బెల్టు సాండరు వాడడం క్షేమం.
* '''వార్నిషు వేయడం''': కత్తి గాట్లకు పొర పెచ్చులై ఆహారంలో కలుస్తుంది.

== భద్రత ==
బల్లరంపం వద్ద కండువా, వదులు చేతుల చొక్కా ఉండరాదు. పొట్టి ముక్కలను చేతితో కాక తోపుడుకర్రతోనే నెట్టాలి. కలప పొట్టును అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కాన్సర్ కారకాల జాబితాలో చేర్చినది. ముక్కుకు మాస్కు తప్పనిసరి.

== సంరక్షణ ==
కొత్త బోర్డుకు రోజుకు ఒకసారి చొప్పున నాలుగైదు రోజులు, తరువాత నెలకొకసారి నూనె పట్టించాలి. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ ఇందుకు సరిపోతుంది. నువ్వుల నూనె, వేరుశనగ నూనె కొద్దికాలానికే మక్కిన వాసన వేస్తాయి. నాలుగు పాళ్ళ పారఫిన్‌లో ఒక పాలు తేనెమైనం కరిగించి పూస్తే నీరు త్వరగా ఇంకదు.

వాడిన వెంటనే సబ్బునీటితో రెండు వైపులా కడిగి నిలబెట్టి ఆరనివ్వాలి. ఒక వైపే తడిపితే బోర్డు వంగుతుంది. నానబెట్టరాదు.

చెక్కపై సూక్ష్మజీవులు నిలుస్తాయన్న అభిప్రాయాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లైవర్ బృందం పరీక్షించి 1994లో ఫలితాలు ప్రచురించినది. చెక్కపై వేసిన సూక్ష్మజీవులు లోపలికి ఇంకి, తిరిగి పైకి రావడం తగ్గినట్లు, గాట్లు పడిన ప్లాస్టిక్ పలకను శుభ్రం చేయడం కష్టమైనట్లు వారు గమనించారు. అయినప్పటికీ పచ్చిమాంసానికి ఒక పలక, వండకుండా తినే పండ్లు, కూరలకు వేరొక పలక వాడడం మంచిది.

== ఇవి కూడా చూడండి ==
* కత్తిపీట
* చింత
* ఏటికొప్పాక లక్కబొమ్మలు
* వడ్రంగి
* దేవరాపల్లి