పొగ పటంలో మా తాత కపిలి

మా తాత కపిలి తోలినోడు. రెండెద్దులు, తోలు బాన, మోకు, అంతే. బొగ్గు తెలీదు, డీజిల్ తెలీదు. అయినా ఆయన తలకి కూడా పొగ లెక్క పడింది. ఎట్లాగో చెప్తా వినండి.

1996లో ఆండ్రెస్, మార్లాండ్, ఇంకో ఇద్దరు సైంటిస్టులు కలిసి 1950 నుంచి 1990 దాకా బొగ్గు, చమురు, గ్యాసు, సిమెంటు వల్ల వచ్చిన కార్బన్ డయాక్సైడుకి ప్రపంచ పటం గీసినారు. ఒక్కో గడి ఒక డిగ్రీ, అంటే సుమారు 110 కిలోమీటర్లు. తిరపతి, చంద్రగిరి, చిత్తూరు అన్నీ ఒకే గడిలో పడతాయి. దేశం మొత్తం పొగని జనాభాని బట్టి గడులకి పంచేసినారు. మద్రాసులో కారున్నాయనకీ, కపిలి తోలే మా తాతకీ తలకింత అని సమానమే! ఊరూరి లెక్కలు దొరకని కాలం, వాళ్లని తప్పు పట్టలేం లెండి.

2011లో జపాన్ నుంచి ఒడియాక్ అని ఇంకో పటం వచ్చింది. గడి ఒక్క కిలోమీటరే. కరెంటు కేంద్రాల పొగని వాటి చోటే పెట్టి, మిగతాది ఉపగ్రహానికి కనిపించే రాత్రి దీపాల వెలుతురుని బట్టి పంచినారు. అందులో తిరపతి వెలిగిపోతా ఉంటుంది, మా చేను చీకటి. మరి మా బోరు మోటారు తాగే కరెంటులో బొగ్గుది లేదా? ఉంది. ఆ పొగ ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ లాంటి చుక్కల మీద పడుతుంది, నా మీద పడదు.

తాతకి రాసింది మాత్రం ఆ పాత గడిలో అట్లే ఉంది.