లండను బస్సు మెట్లు

రెండవ ప్రపంచ సంగ్రామము ముగిసిన కొలది ఏండ్లకే ఇంగ్లండు వైద్యులను ఒక కొత్త భయము పట్టుకొనెను. గుండెకు నెత్తురు తెచ్చు నాళములు మూసికొనిపోయి నడివయసు పురుషులు హఠాత్తుగా మరణించుట నానాటికి హెచ్చుచుండెను. కారణమును వెదకినవారిలో జెర్రీ మోరిస్ అను వైద్యుడొకడు. ఆయన ఎన్నుకొన్న ప్రయోగశాల లండను నగరపు రెండంతస్తుల బస్సు.

ఆ బస్సున ఇద్దరు ఉద్యోగులు. డ్రైవరు పనివేళయంతయు దాదాపు కూర్చుండియే గడపును. కండక్టరు టిక్కెట్ల కొరకు దినమునకు 500కు తక్కువ గాకుండ మెట్లు ఎక్కును. ఇద్దరికిని సంస్థ ఒకటే, వీధులు ఒకటే. 1949లో మొదలిడి, 35 నుండి 64 ఏండ్ల వయసుగల సుమారు 31,000 మంది ఉద్యోగుల వివరములను మోరిస్ బృందము పరిశీలించెను. 1953లో లాన్సెట్ పత్రికయందు ఫలితము వెలువడెను. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వచ్చినను ఆలస్యముగా వచ్చును. వచ్చినంతనే ప్రాణము తీయుటయు తక్కువ. ఉత్తరములు పంచు తపాలా బంట్రోతులకును, బల్లకడ కూర్చుండు గుమాస్తాలకును నడుమ ఇట్టి భేదమే కనబడెను.

అయితే ఒక ఆక్షేపణ కలదు. మెట్లు మనిషిని దృఢపరచెనా, లేక దృఢకాయుడే కండక్టరు పనిని కోరుకొనెనా? ఈ సందేహమును దాచక, 1956లో మోరిస్ బృందమే ఉద్యోగుల ఉడుపుల కొలతలను ప్రకటించెను. డ్రైవర్ల నడుము చుట్టుకొలత కండక్టర్లకంటె పెద్దదిగా ఉండెను. కాబట్టి ఉద్యోగమును చూచిన చాలదు, మనిషి సత్తువనే కొలువవలెను.

కొలుచు మార్గము అప్పటికే కలదు. పరుగెత్తు మనిషి ప్రాణవాయువును ఎంతవరకు వినియోగింపగలడో, ఆ హద్దును 1923లో ఎ. వి. హిల్ నిరూపించి యుండెను. గుండె, ఊపిరితిత్తులు, కండరములు కలిసి చేయు పనికి అదియే కొలబద్ద.

అమెరికాలోని డల్లాసులో స్టీవెన్ బ్లెయిర్ బృందము 13,344 మందిని కదిలెడి పట్టాపై నడిపించి, అలసిపోవువరకు ఎంతసేపు నిలిచిరో గుర్తించి, సగటున 8 ఏండ్లకు పైగా వారి యోగక్షేమములు కనిపెట్టెను. 1989లో ఫలితము ప్రకటితమయ్యెను. వయోభేదమును సవరించి చూడగా, ఏడాదికి 10,000 మంది పురుషులలో సత్తువ మిక్కిలి తక్కువవారికి 64 మరణములు, మిక్కిలి ఎక్కువవారికి 18.6. గుండెజబ్బు మరణములందే గాక క్యాన్సరు మరణములందును ఈ తేడా కానవచ్చెను. అన్నిటికంటె పెద్ద అంతరము అట్టడుగు వర్గమునకును, దాని పై వర్గమునకును నడుమనే.

పాత ఆక్షేపణకు 1995లో కొంత సమాధానము దొరకెను. సుమారు 5 ఏండ్ల ఎడముతో రెండుమారులు పరీక్షింపబడిన 9,777 మంది పురుషులలో, మొదట దుర్బలులై పిదప సత్తువ సంపాదించినవారి మరణములు, దుర్బలులుగానే మిగిలినవారికంటె 44 శాతము తక్కువ. సత్తువ పుట్టుకతో వచ్చిన ఆస్తి మాత్రమే కాదు. నడుమ ఆర్జింపదగిన ధనము కూడ.

మోరిస్ 99 ఏండ్లు నిండిన పిదప 2009లో కన్నుమూసెను. ఒక్కరి ఆయుష్షు సిద్ధాంతమునకు సాక్ష్యము కాజాలదు. ఆయన లెక్కించిన వేలమందియే సాక్షులు. ఇక మాటలాడు మేమును, రేడియోకడ చేరి వినెడి మీరును డ్రైవరు పీఠముననే ఉన్నాము. ప్రసంగము ముగిసిన పిదప కొంతదూరము నడచి వత్తము.