రాజవీథి విగ్రహములు – చరిత్రబోధనము



పరపాలనకాలమున దొరలకు నెత్తిన విగ్రహములను ఉంచవలెనా, తొలఁగింపవలెనా యను వివాదము దేశమునఁ దఱచుగా వినవచ్చుచున్నది. మన బాలబాలికలు చదువు చరిత్రకును ఈ వివాదమునకును దగ్గఱి సంబంధము కలదు. ఒకప్పుడు మన యాంధ్రమండలములకును ముఖ్యపట్టణమై యుండిన చెన్నపురిలోని రెండు విగ్రహముల వృత్తాంతమును ఇందులకు నిదర్శనముగాఁ గైకొనుచున్నాము.

మొదటిది సేనాని నీలు దొర విగ్రహము. జేమ్స్ జార్జి స్మిత్ నీలు మద్రాసు ఫ్యూజిలీర్లను దళమునకు నాయకుఁడు. 1857 విప్లవమున నతఁడు కాశీ, ప్రయాగ ప్రాంతములలో సరియైన విచారణ లేకయే యనేకులను ఉరితీయించెను. కాన్పూరున ఆంగ్ల స్త్రీలును శిశువులును వధింపఁబడిన గృహమునకు నేరస్థులని పట్టితెచ్చినవారిని గొనిపోయి, అందలి నెత్తుటిమరకలను వారిచే నాకించి, పిదప నురికంబ మెక్కించెను. ఆ సెప్టెంబరు 25వ తేదీన లక్నోలో తానును హతుఁడయ్యెను. అట్టివానికి మౌంటు రోడ్డున విగ్రహము వెలసెను. 1927లో సత్యాగ్రహులు సుత్తులును గొడ్డండ్లును బూని దానిపైకి నడచి చెఱసాలల పాలైరి. 1937లో రాజగోపాలాచార్యులవారి మంత్రివర్గ మేర్పడిన పిదప దానిని వీథినుండి తీసి మ్యూజియమునకుఁ జేర్చిరి.

రెండవది సర్ తామస్ మన్రో విగ్రహము. 1839లో స్థాపితమైన యీ యశ్వారూఢ విగ్రహము నేఁటికిని చెన్నపురిలో నిలిచియున్నది. నిజాము 1800లో కుంపిణీకి విడిచిన దత్తమండలములకు మన్రో 1807 వఱకు కలెక్టరు. 1820 నుండి చెన్నపురి గవర్నరు. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరాచే మరణించెను. రాయలసీమలోఁ గొందఱు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనిరి. అయినను పాళెగాండ్ర నణఁచి కుంపిణీ యధికారమును ఆ సీమలో స్థిరపఱచినవాఁడును అతఁడే. అతని కాలపు శిస్తు రైతునకు బరువైనదే. 1807లో దానిని నూటికి 25 వంతులు తగ్గింపవలెనని యతఁడే వ్రాసెను. పై యధికారు లప్పు డంగీకరింపరైరి.

విగ్రహమును దీసినచో చరిత్ర నశించునని కొందఱు వాదింతురు. నీలు విగ్రహము డెబ్బదియేండ్లకుఁ బైగా రాజవీథిని నిలిచినది. ఆ త్రోవను బోయినవారిలో నెందఱికి కాన్పూరు కథ తెలిసెను? ఆ కథను ఊరూరను దెలిపినది 1927 సత్యాగ్రహమే. మఱికొందఱు దొరల గుఱుతు లన్నియు నొక్కటేయని, అన్నిటిని దీయవలెనని యందురు. మన్రోను నీలుతోఁ గలిపి త్రోసివేసినచో, సీమరైతు తన బిడ్డకు ఆ పేరేల పెట్టెనో మన పిల్లలకుఁ దెలియకపోవును. కాఁబట్టి విగ్రహము వీథినున్నను మ్యూజియమున నున్నను ఉపాధ్యాయుఁడు దానిని జూపి, ఇది యెవ్వరు నిలిపిరి, ఎవ్వరి సొమ్ముతో నిలిపిరి, ఫలకమున నేమి వ్రాసిరి, ఏమి విడిచిరి యని విద్యార్థులచేఁ బ్రశ్నింపఁజేయవలెను. మన్రో పాఠమున రైతువారీతోఁబాటు పాళెగాండ్ర కథయు, నీలు పాఠమున సిపాయీల సాహసముతోఁబాటు కాన్పూరు స్త్రీల మరణమును జెప్పవలెను. ఒకపక్కను మఱుగుపఱచి చెప్పినది స్తోత్రమో నిందయో యగును గాని చరిత్ర కాజాలదు.

ఈ ప్రశ్నలు మనకును వర్తించును. నేఁడు ప్రతి కులసంఘమును తన పెద్దలకు విగ్రహము లెత్తఁ గోరుచున్నది. ఆ కోరిక మనలోను గలదు. కుంపిణీ కొలువున వృద్ధిలోనికి వచ్చినవారును, ఆ పాలనవలన వృత్తిని గోలుపోయినవారును అనేక కులములందు గలరు. మొదటివారి పేరు ఫలకమున కెక్కును. రెండవవారిని స్మరించువా రరుదు. మనము నిలుపు ప్రతి ఫలకమునను ఇరువురకును జోటుండవలెనని మా విన్నపము. విగ్రహమునకుఁ జందా నిచ్చు దాతలు అందొకభాగమును వసతిగృహముల గ్రంథాలయములకును, వృద్ధులనోటి కథలను వ్రాయించుటకును గేటాయింతురు గాక. ఆ వృద్ధులు గతించినచో ఆ కథలను మఱియే కంచువిగ్రహమును జెప్పనేరదు.